పెరిగే కొలత

కొండ్రవాడ రాజా జగద్దేవుగారికి ఒక ముచ్చట పుట్టిందంటే, ఆ పూటకి సంస్థానంలో మిగతా పనులన్నీ మూలపడాల్సిందే. ఈసారి పుట్టిన ముచ్చట స్కూటరు. శుక్రవారం ఆయన కూతురు నీలాంబకి ఏడేళ్లు నిండుతాయి. ఆవేళ నిండు కొలువు చూస్తుండగా పిల్ల స్కూటరెక్కి, ఒంటికాలితో నెట్టుకుంటూ, కొలువుకూటం ముందున్న వాలు మీంచి కోటగుమ్మం దాకా పోవాలని ఉత్తర్వు.

చెన్నపట్నం వర్తకుడు రెండు స్కూటర్లు తెచ్చాడు. ఎర్రది పొట్టిది, దాని పిడి నీలాంబ రొమ్ము దాకా వస్తుంది. రెండోదానికి ఇత్తడి గంట, వెడల్పాటి చక్రాలు. దాని పిడి అందాలంటే పిల్ల మునివేళ్ల మీద నిలబడి చేతులు పైకెత్తాలి. నీలాంబ ఎర్రదాన్ని పట్టుకుని వదల్లేదు.

అప్పుడు ఆస్థాన పండితుడు శితికంఠశాస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయనకి రాని శాస్త్రం లేదు. రాకపోతే అక్కడికక్కడే తయారుచేసుకునేవాడు. పెరిగే పిల్లకి పొట్టిది కొంటే ఏడాదికే మూల పడుతుందని, పెద్దదైతే పెళ్లీడు దాకా పనికొస్తుందని సెలవిచ్చాడు. రాజుగారికి ఆ మాట భలే నచ్చింది. అంతఃపురంలో పరికిణీలన్నీ పెరిగే కొలతకే కుట్టించే అలవాటు మరి.

తోషాఖానాలో రాజుగారి బట్టలూ నగలూ చూసుకునే పేరయ్యకి మాత్రం ఆ మాట రుచించలేదు. పెరిగే కొలత సంగతి అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు వాళ్లమ్మ కుట్టించిన చొక్కాలన్నీ అతనెప్పటికైనా పెరుగుతాడన్న నమ్మకంతో ఎదురుచూశాయి. చొక్కాలు మాట మీద నిలబడ్డాయి. పేరయ్యే నిలబడలేదు. నలభై అయిదేళ్లొచ్చినా నీలాంబ కంటే జానెడే పొడుగు.

ఆ జానెడే అతని కొంప ముంచింది. ఎత్తు దగ్గరగా ఉంది కనక పెద్ద బండి ఎక్కి చూపించమన్నారు రాజుగారు. పేరయ్య ఎక్కాడు. వాలు సగంలో బండి ఒక దారి పట్టింది, అతను ఇంకో దారి పట్టాడు. గోరింటపొద లోంచి లేచేసరికి తలపాగా గంటకి చుట్టుకుని ఉంది. బండి పెద్దదని అతను విన్నవించుకుంటే, తప్పు బండిది కాదు, ఎక్కినవాడిదన్నాడు శాస్త్రి. రాజుగారు తలూపారు. నిరుడు దసరా కొలువులో పేరయ్య ఏ బండీ లేకుండానే తన పంచె తనే తొక్కుకుని పడడం ఆయన కళ్లారా చూశారు. ఇంక అతని సాక్ష్యానికి విలువేముంది?

పెద్ద బండే ఖాయమైంది.

సాయంత్రం నీలాంబ తోషాఖానాకి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పేరయ్యా, నువ్వు పడ్డావు కదా. నేనూ పడతానా?"

"పడనివ్వను అమ్మాయిగారూ," అన్నాడు. ఎలా ఆపాలో మాత్రం తెలీదు. తన మాట ఎవరు వింటారు గనక? రాజుగారు వినేది శాస్త్రి మాట ఒక్కటే. అలా అనుకుంటూనే పేరయ్య మోకాళ్ల దాకా వేలాడుతున్న తన చొక్కా చేతులు పైకి మడుచుకోబోయి, ఆగిపోయాడు. తిన్నగా కంసాలి ఇంటికి నడిచాడు.

శుక్రవారం కొలువు నిండింది. ముందు శాస్త్రి పాండిత్యానికి గండపెండేరం సత్కారం, తర్వాత పిల్ల స్కూటరు. బంగారు పెండేరం ఎడమకాలికి తొడిగించుకుని, సన్నాయి మోగుతుండగా కొలువు చుట్టూ మూడుసార్లు నడవడం అక్కడి ఆచారం. ఆ నగ చేయించే పని పేరయ్యదే.

పేరయ్య వంగి పెండేరం తొడిగాడు. సన్నాయి ఎత్తుకుంది. శాస్త్రి ఠీవిగా అడుగేశాడు. పెండేరం జారి మడమ దాటింది. దాన్ని బొటనవేలితో ఆపుకుంటూ రెండో అడుగేశాడు. మూడో అడుగుకి అది పాదం లోంచి ఊడి, దొర్లుకుంటూ పోయి రాజుగారి ఆసనం ముందు గిర్రున తిరిగి పడింది. సన్నాయివాడికి నవ్వొచ్చి ఊపిరి చాల్లేదు.

"ఇదేం కొలతరా?" అన్నారు రాజుగారు.

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. "పెరిగే కొలత ప్రభూ. శాస్త్రిగారి ప్రతిష్ఠ రోజురోజుకీ పెరుగుతోంది. పాదం వెనకబడుతుందా? నా కాలు పెరగలేదంటే అది నా రాత. వారి కాలు నా కాలులాంటిది కాదు కదా."

శాస్త్రి మొహం జేవురించింది. "రేపెప్పుడో పెరిగే కాలితో ఇవాళ ఎలా నడుస్తానయ్యా? ఇప్పుడున్న కాలికి పట్టాలి గానీ."

పేరయ్య రాజుగారి వైపు తిరిగాడు.

"నా మాటకి విలువ లేదని నాకూ తెలుసు ప్రభూ. అందుకే శాస్త్రిగారి చేత చెప్పించాను."

రాజుగారు పెండేరం వైపు చూశారు. వాలు దగ్గర మునివేళ్ల మీద నిలబడి పెద్ద స్కూటరు పిడి అందుకుంటున్న కూతురి వైపు చూశారు. ముందు ఆయన మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన కొలువంతా కదిలిపోయేలా నవ్వారు.

పేరయ్య సంచిలోంచి అసలు పెండేరం తీసి శాస్త్రి కాలికి తొడిగాడు. అతికినట్టు సరిపోయింది. ఊడిపడ్డ పెద్దది ఇత్తడిది, పైన బంగారుపూత.

రాజుగారు ఎర్రదే తెప్పించారు. నీలాంబ ఆ స్కూటరెక్కి వాలు మీంచి రివ్వున జారి, కోటగుమ్మం దగ్గర కాలు నేలకానించి ఆగింది. వెనక్కి తిరిగి పేరయ్యకి చెయ్యి ఊపింది.

రాజుగారు మెచ్చి తన పట్టుకోటు విప్పి పేరయ్యకి కప్పారు. అంచు నేల మీద జీరాడింది.

"ఉంచుకోరా," అన్నారు. "పెరుగుతావు."