గోరింక కన్ను

అనగనగా జంతువులకు మాటలు వచ్చిన రోజులు. మాటలైతే వచ్చేవి గాని, కూర్చుని వినే తీరిక మనుషులకు అప్పుడూ లేదు. ఆ రోజుల్లో చిలకలేరు ఒడ్డున ఒక చిన్న కోట ఉండేది. ఆ కోటను తిమ్మభూపాలుడనే రాజు ఏలుతుండేవాడు.

రాజుగారి గుర్రపుసాలలో గోరింక అనే ఆడగుర్రం ఉండేది. గోరింక పిట్టలాగే ముదురు రంగుది, పిట్టలాగే చలాకీది. తల్లి చచ్చిపోతే దాన్ని పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పాలు పట్టి పెంచినవాడు సాల చూసుకునే ఎల్లమంద. గోరింక అంటే అతనికి పంచప్రాణాలు. "గుర్రం తుమ్మితే మా ఆయనకు జ్వరం వస్తుంది" అని అతని భార్య అందరితో చెప్పి నవ్వేది. ఆ మాట అబద్ధమేమీ కాదు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్ళగానే రాజుగారు గోరింకను పట్టపు గుర్రంగా ఎంచుకున్నారు. దసరా పదోనాడు దాన్నెక్కి జమ్మి పూజకు వెళ్ళాలని నిశ్చయించారు. రాజమాత సంబరపడిపోయింది. ఇంత అందమైన గుర్రానికి దిష్టి తగలకూడదని తన చేతులతో ఒక దిష్టి కుచ్చు అల్లింది. నల్ల ఉన్ని, తెల్ల గవ్వలు, నడుమ మెరుపు కోసం జరీ తీగ. గోరింక నుదుట తానే కట్టి, "దశమి వెళ్ళేదాకా దీన్ని ఎవరూ విప్పకూడదు" అని ఆజ్ఞ పెట్టింది. రాజమాత మాటకు రాజే ఎదురు చెప్పడు, ఇక ఎల్లమంద ఎంత?

కొద్దిరోజులకే గోరింక కుడికంట నీరు కారసాగింది. తర్వాత కన్ను ఎర్రబడింది. ఆ తర్వాత రెప్ప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. ఈగలు ముసురుతుంటే గోరింక తల విదిలించుకునేది. మేత ముందు పెడితే మూతి వంచి, అంతలోనే తల ఎత్తేసేది.

ఎల్లమంద గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఆ కోటలో ఒక పాత కట్టడి ఉంది. కన్ను చెడిన గుర్రం దశమినాటికి కోటలో ఉండకూడదు. దాన్ని ఏరు దాటించి, అవతలి అడవిలో వదిలేసి రావాలి. ఆ అడవి నిండా చిరుతలు. కట్టడి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియదు గనకనే దాన్ని ఎవరూ మార్చలేదు.

పక్క ఊళ్ళో మంచి అశ్వవైద్యుడున్నాడు. కానీ వైద్యుణ్ణి పిలిస్తే రాజుకు తెలుస్తుంది. రాజుకు తెలిస్తే ఏరు దాటించమంటాడు. అందుకని ఎల్లమంద గోరింకను సాలలో చీకటి మూలన కట్టేసి, అడిగినవాళ్ళకు "కాస్త నలతగా ఉంది, విశ్రాంతిలో ఉంది" అని చెప్పసాగాడు.

ఎంత దాచినా దగ్గరివాళ్ళ దగ్గర దాగుతుందా? ఉలవలు విసిరే తాయమ్మ చూడనే చూసింది. చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓరి నాయనోయ్! ఇది దిష్టిరా ఎల్లమందా! పట్టపు గుర్రమైందని ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూళ్ళేదూ? ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు దిగదుడిచి నిప్పుల్లో వెయ్యి. తెల్లారేసరికి కన్ను తామరరేకులా విచ్చుకోకపోతే నన్ను అడుగు."

ఎల్లమంద కుంపటి రాజేశాడు. గోరింక నోరు తెరిచింది.

"అది కాదయ్యా, నాకు..."

"నువ్వు మాట్లాడకు తల్లీ, అలసిపోతావు" అంటూ అతను గుప్పెడు మిరపకాయలు నిప్పుల్లో పోశాడు.

మూసిన సాలలో పొగ కమ్మేసింది. గోరింక దగ్గింది, ఎల్లమంద దగ్గాడు, గోడ మీది బల్లి కూడా దగ్గిందంటారు. మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. ఇక్కడేమో ఘాటుకు ఊపిరాడటం లేదు. "చూశావా, దిష్టి పోయింది గనకే ఘాటు వస్తోంది" అంది తాయమ్మ, వీధిలో నిలబడి ముక్కు మూసుకుని. తాయమ్మ ఎటు నుంచి చూసినా గెలిచే మనిషి.

మరునాటికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

తర్వాత మావటి కోటయ్య వచ్చాడు. అతనికి ఏనుగులు తెలుసు. ఏనుగులు తెలిసినవాడికి గుర్రాలు ఒక లెక్కా అని అతని ధీమా.

"మా గజరాజుకు ఇట్టాగే వస్తే ఉల్లిపాయ రసం పిండాను బావా. గిలగిల్లాడింది, పోయింది."

"రోగమా, ఏనుగా?" అని అడిగే స్థితిలో ఎల్లమంద లేడు. గోరింక గడ్డం కింద చెయ్యి వేసి తల పైకెత్తి పట్టుకున్నాడు. దిష్టి కుచ్చు అడ్డం వస్తుంటే మునివేళ్ళతో పక్కకు తోశాడు.

"అయ్యా, ఒక్క మాట..." అంది గోరింక.

"ఒక్క చుక్క, అంతే తల్లీ!" అని రసం పిండేశాడు. గోరింక పెట్టిన సకిలింపుకు సాలలోని గుర్రాలన్నీ బెదిరిపోయాయి. ఎల్లమంద దాని మెడ కావలించుకుని, "నా బంగారు తల్లి, అయిపోయింది, అయిపోయింది" అని ఏడ్చాడు. ఏడుస్తూనే కుచ్చును మళ్ళీ చక్కగా సర్ది, గవ్వలు వరసలో ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

మీకు సంగతి తెలిసిపోయిందా పిల్లలూ? ఊరుకోండి. పాపం, ఎల్లమందకు ఇంకా తెలియదు. భయంతో ఉన్నవాడికి ఎదురుగా ఉన్నది కనిపించదు.

ఇక మూడోవాడు కంబళ్ళ వర్తకుడు. దేశాలు తిరిగినవాడు. తిరిగిన దేశాలన్నిటి వైద్యమూ తనకు వచ్చంటాడు. "కంటికి గాలి తగలకూడదు. నుదుటి నుంచి దవడ దాకా గుడ్డ బిగించి కట్టు. ఎంత బిగిస్తే అంత మంచిది" అని చెప్పి, తన దారిన తాను పోయాడు.

కుచ్చు విప్పకూడదు గదా. అందుకని ఎల్లమంద కుచ్చు మీదుగానే గుడ్డ చుట్టి బిగించాడు. గోరింక ఈసారి గట్టిగానే అంది.

"వద్దయ్యా! చెప్పేది విను!"

"నీ మేలుకే తల్లీ, ఓర్చుకో" అని అతను ఇంకో ముడి వేశాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. గోరింక ఇక మాట్లాడలేదు. సకిలించనూ లేదు. గోడకు తల ఆనించి నిలబడిపోయింది. గుగ్గిళ్ళు పెట్టినా కన్నెత్తి చూడలేదు. కట్టు కింద నుంచి చీము కారి మూతి దాకా జారుతోంది. దసరా దగ్గర పడుతోంది. అవతలి ఒడ్డుకు దాటించే పడవ రేవు సాల గుమ్మంలోంచే కనబడుతుంది. అటు చూసినప్పుడల్లా ఎల్లమంద గుమ్మం తలుపు దగ్గరగా వేసేవాడు.

ఒక పొద్దునకి అతను చెయ్యగలిగిందంతా అయిపోయింది. చెప్పేవాళ్ళు చెప్పి వెళ్ళిపోయారు. కొత్త మందు చెప్పడానికి ఎవరూ లేరు. ఎల్లమంద కట్టు విప్పాడు. ఉబ్బిన ఆ కన్ను చూసి, సాలలోని గడ్డి మీద కూలబడి బావురుమన్నాడు.

"నాకేం తోచడం లేదమ్మా. నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు."

గోరింక మెల్లగా తల తిప్పి, మంచి కంటితో అతన్ని చూసింది.

"ఇన్నాళ్ళకు అడిగావా అయ్యా?" అంది. "లేవకు. అక్కడే, కిందే కూర్చో. నేను మేత తింటాను. కింద నుంచి చూడు."

గోరింక తొట్టిలోకి తల వంచింది. ఇన్నాళ్ళూ కన్ను చూడవచ్చిన ప్రతివాడూ దాని తల పైకెత్తి పట్టుకునే చూశాడు. తల ఎత్తితే కుచ్చు నుదుట బుద్ధిగా పడి ఉంటుంది. వంచితే మాత్రం పక్కకు ఒరిగి, సరిగ్గా కుడికంటి మీదకు జారుతుంది. ఉన్నిలోంచి జరీ తీగ కొస ఒకటి ముల్లులా బయటికి పొడుచుకొచ్చి ఉంది. గోరింక ఒక్క పరక నోట పెట్టుకునే లోపల ఆ కొస రెప్పలోకి గుచ్చుకుంది. గోరింక చటుక్కున తల ఎత్తేసింది.

ఎల్లమంద తన చేతుల వంక చూసుకున్నాడు. అంతకాలం ఆ కుచ్చును పక్కకు తోసి, మళ్ళీ సర్ది పెట్టింది తన చేతులే. దాని మీద గుడ్డ బిగించింది తన చేతులే.

"ముందే గట్టిగా అరిచి చెప్పలేకపోయావా తల్లీ?"

"చెప్పబోయాను. నువ్వు వినలేదు. తర్వాత నాకూ నోరు రాలేదయ్యా. అంత ప్రేమగా కట్టిన దాన్ని గుచ్చుకుంటోందని ఎట్లా అనను?"

ఇప్పుడు ఎల్లమందకు వేరే భయం పట్టుకుంది. రాజమాత ఆజ్ఞ దాటితే తల ఉంటుందో ఊడుతుందో తెలియదు. కుచ్చు ముడి మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. గోరింక తల వంచి, అతని భుజానికి ఆనించింది.

ఎల్లమంద ముడి విప్పేశాడు.

విప్పి ఊరుకోలేదు. కుచ్చును పళ్ళెంలో పెట్టుకుని నేరుగా కొలువుకు వెళ్ళాడు. జరిగిందంతా చెప్పాడు. రాజుకు తెలియకుండా దాచినది, పొగ వేసినది, రసం పిండినది, గుడ్డ బిగించినది, ఏదీ మిగల్చలేదు.

రాజు కళ్ళెర్రజేశాడు. "అమ్మగారు కట్టిన కుచ్చు విప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మహాప్రభూ. నేను గుర్రాన్ని అడిగాను. అది చూపించింది."

కొలువులో నవ్వులు వినబడ్డాయి. రాజమాత మాత్రం నవ్వలేదు. కుచ్చు చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది. తీగ కొస గుచ్చుకుని వేలి చివర నెత్తురు చుక్క పొడిచింది.

"కొస మడవలేదు నేను. నాకు చూపు సరిగా ఆనడం లేదు నాయనా" అంది కొడుకుతో. "తప్పు వీడిది కాదు. వైద్యుణ్ణి పిలిపించు."

వైద్యుడు ఆ పూటే వచ్చాడు. కాచి చల్లార్చిన నీటితో కన్ను కడిగాడు. రెప్ప విప్పి చూసి పెదవి విరిచాడు.

"గుడ్డు గీరుకుపోయింది. మొదటిరోజే పిలిస్తే ఇంత కాకపోవును. కన్నైతే నిలుస్తుంది. చూపు ఎంత నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఎండ తగలనివ్వకు, ఈగ వాలనివ్వకు, నేనిచ్చే మందు తప్ప ఇంకేదీ వెయ్యకు."

అప్పటి నుంచి ఎల్లమంద గోరింకను నిజంగానే కంటికి రెప్పలా కాచుకున్నాడు. నీళ్ళు కాచేవాడు, చల్లార్చేవాడు, మెత్తటి గుడ్డతో అద్దేవాడు. ప్రతిసారీ "మంటగా ఉందా? ఇటు తిరుగుతావా?" అని అడిగేవాడు. గోరింక చెప్పేది. అతను వినేవాడు. వాపు తీసింది. రెప్ప విచ్చుకుంది. కానీ నల్లగుడ్డు మీద చిన్న తెల్లటి పువ్వు మిగిలిపోయింది. కుడివైపు గోరింకకు మసక తప్ప ఏమీ కనబడదని తేలింది.

దశమి రానే వచ్చింది. గోరింకను కొలువు ముందుకు తెచ్చారు. రేవులో పడవ సిద్ధంగా ఉంది. ఎల్లమంద కళ్ళాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

రాజు తల దించుకుని అన్నాడు. "నాకూ మనసు ఒప్పడం లేదు. కానీ కట్టడి కట్టడే. దాన్ని అవతలికి దాటించక తప్పదు."

"నాయనా" అంది రాజమాత. "నువ్వు గుర్రాన్ని అడిగావా?"

"గుర్రాన్ని అడగడమేమిటమ్మా?"

"నేను అడగలేదు. దాని కన్ను పోయింది. నువ్వైనా అడుగు."

రాజు సింహాసనం దిగాడు. ఏమని మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. జన్మలో మొదటిసారి గుర్రం ముందు నిలబడి అడిగాడు.

"గోరింకా, నీకేం కావాలి?"

"నాకు కుడివైపు భయంగా ఉంటుంది ప్రభూ. అటు ఏముందో తెలియదు" అంది గోరింక. "ఆ పక్కన మా అయ్య నడిస్తే, మిమ్మల్ని ఎక్కించుకుని ఎంత దూరమైనా వస్తాను."

"ఇంతేనా?" అన్నాడు రాజు.

"ఇంతే ప్రభూ."

ఆ రోజు రేవులో పడవ ఖాళీగా ఉండిపోయింది. రాజు గోరింకనెక్కి జమ్మి పూజకు వెళ్ళాడు. ఎల్లమంద దాని కుడిపక్కన చెయ్యి మెడ మీద వేసి నడిచాడు. దారి పొడవునా "ఇక్కడ రాయి ఉందమ్మా, ఇక్కడ జనం ఉన్నారమ్మా" అని చెబుతూనే ఉన్నాడు. పాత కట్టడి ఆనాటితో పోయింది.

కనుక పిల్లలూ, ఎంత ప్రేమతో చేసే మేలైనా, బాధపడేవారిని అడిగి చెయ్యాలి. అడిగాక, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి.