చెరకు తెట్టు వైద్యం

కాలువ గట్టు మీద బెల్లం వండే పాక ఒకటుంది. చెరకు రసం పెనంలో మరిగేటప్పుడు పైకి తేలే తెట్టును పనివాళ్లు గరిటెలతో తీసి గట్టు కింద గుంటలో పారబోస్తారు. ఆ గుంటకూ కాలువ నీళ్లకూ మధ్య పది అంగల దూరం ఉంటుంది. మాఘమాసం వచ్చేసరికి గుంట నిండుతుంది. ఆ మాసం నుంచి బాతు పానకాలు కాలువలో దిగడం దాదాపు మానేస్తాడు.

అతని భార్య నూకాలుకు ఈ గోల మూడో ఏడు. చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. నత్తలు ఏరి పెడితే నీచు వాసనంటాడు. నాచు తెస్తే గొంతు దిగదంటాడు. తెట్టు మాత్రం మెడ దాకా తింటాడు. ఆ తర్వాత పుల్లటి తేన్పులు, కడుపుబ్బరం, మూడు రోజులకోసారి విరేచనం. నాలుగడుగులు వేస్తే కూలబడతాడు, కుడిపక్క ఏదో బరువుగా ఉందంటాడు. కాలేయానికి కొవ్వు పట్టిందని నూకాలు చెబితే అతనికి పౌరుషం వచ్చింది.

"కాలేయం చెడేది తాగుబోతులకే. తాటితోపులో పందిని చూడు, రోజూ కల్లుకుండలు నాకుతుంది. నేను చుక్క ముట్టిన వాణ్నా?"

"చుక్క ముట్టలేదు మావా. గుంట తాగేశావు."

ఈ మాటలు విని గట్టు మీంచి గురవయ్య తొంగి చూశాడు. గురవయ్య నక్క. నాడి చూడడం వచ్చని ఊళ్లన్నీ చెప్పుకు తిరుగుతాడు. పానకాలును దూరం నుంచే ఎగాదిగా చూసి, ఆడకూతురు చెప్పింది నిజమే, ఇది కాలేయానికి కొవ్వేనన్నాడు. నూకాలుకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో మనిషి మాట చెవికెక్కకపోయినా వైద్యుడి మాట ఎక్కుతుంది కదా అనుకుంది.

కానీ గురవయ్య రాసిన పథ్యం వేరు. రోగి ఒళ్లు అలవకూడదు. చన్నీళ్లలో దిగకూడదు. నాచు, నత్తలు బంద్. పూటకో దోసెడు తెట్టు పుచ్చుకుని గుంట పక్కనే పడుకోవాలి. కామెర్లొస్తే మనుషులు చెరకు రసం తాగరా, దాని పైమీగడ కాలేయానికి ఇంకెంత మంచిదో ఆలోచించుకోమన్నాడు. పానకాలు కేసు గెలిచినవాడిలా పెళ్లాం వైపు చూశాడు.

మర్నాటి నుంచి నక్క రోజూ పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. పొట్ట పెరిగిందా అని అడిగేవాడు. పెరిగిందంటే మీసాలు నాక్కునేవాడు. రోగం ముదురుతుంటే మొహం వెలిగే వైద్యుణ్ని నూకాలు ఎక్కడా చూడలేదు. పానకాలు ఇప్పటికైతే అలికిడి వినగానే రెక్కలు కొట్టుకుంటూ నీళ్లలో పడగలడు. ఇంకో నెల పోతే పడలేడు. నక్క కాచుకుని ఉన్నది ఆ నెల కోసమే. ఈ సంగతి మొగుడికి చెబితే, చదువుకున్నవాళ్లంటే నీకు గిట్టదే అన్నాడు.

ఇక అతనితో వాదించి లాభం లేదని నూకాలు తిన్నగా వైద్యుడి దగ్గరికే వెళ్లి, అందనంత దూరంలో నిలబడింది. తమ ఇంటి ఆచారం ప్రకారం మందిచ్చినవాడు ముందు తన వంతు తినాలని, అలా తినకపోతే రోగి ముట్టడని వినయంగా విన్నవించుకుంది. తియ్యటి తెట్టు తినడానికి నక్కకేం బాధ? ఎదుటివాడి రోగం తనకు అంటేది కాదుగా. సరేనన్నాడు.

ఆ పక్క మొగుడికి ఇంకో కబురు చెప్పింది. వైద్యుడు తిన్నాకే ఆ మందుకు గుణం వస్తుందట. ఆలోగా రోగి లాకు దాకా ఎదురీది, అక్కడి నాచు, నత్తలు ముక్కుకు పట్టినన్ని మింగి రావాలట. అప్పుడు గాని మందు ఒంటికి పట్టదట. తెట్టు దొరుకుతుందంటే పానకాలు ఏరైనా ఈదుతాడు. తిట్టుకుంటూ వెళ్లేవాడు, రొప్పుతూ వచ్చేవాడు. ముందు ఒక దోసెడుతో ఆపిన గురవయ్య వారం తిరిగేసరికి రోగి వంతు కూడా తనే, గుంట అడుగు కనిపించేలా ఊడ్చేస్తున్నాడు. మిగిలిన రెండు గుక్కల తెట్టుతో పానకాలు సరిపెట్టుకునేవాడు.

ఫాల్గుణం చివర్లో ఒక పొద్దున నక్క తేన్చి, చివరిసారి పరీక్ష చెయ్యాలి, గట్టు సగం దాకా ఎక్కి రమ్మని రోగిని పిలిచాడు. వద్దని నూకాలు రెక్క అడ్డం పెట్టింది. పెద్దమనిషి పిలిస్తే వెళ్లకపోతే ఏం మర్యాదని పానకాలు దాన్ని తోసేసి ఎక్కాడు. ఆమె కళ్లు మూసుకుంది.

నక్క దూకాడు. దూకినవాడు అనుకున్న చోట పడలేదు, మూరెడు ఇవతలే పడ్డాడు. పానకాలు కెవ్వుమని వెనక్కి తిరిగాడు. రెక్కలు విప్పి గట్టంతా ఒక్క ఊపులో దాటి నీళ్లలో పడ్డాడు. నక్క వెంటపడి ఏడెనిమిది అడుగులు వేశాడు. పొట్ట నేలకు రాసుకుంది. గుంట దగ్గర కూలబడి కుడిపక్క పట్టుకున్నాడు.

"ఏం చేశావమ్మా నన్ను?" అన్నాడు, ఊపిరి అందాక.

"నేనేం చెయ్యగలను వైద్యులుగారూ. మీరు రాసిందే మీరు తిన్నారు."

నూకాలు కూడా కాలువ మధ్యకు ఈదుకొచ్చింది. పానకాలు పెళ్లాం దగ్గరికి జరిగి నెమ్మదిగా చెప్పాడు.

"వాడు దుర్మార్గుడేలే. కానీ ఒకటి ఒప్పుకోవాలే. వాడి మందు పనిచేసింది. ఒళ్లు ఎంత తేలికైందో చూడు."

నూకాలు తల నీళ్లలో ముంచింది, అతని మాటలు వినిపించనంత లోతుకి.

నీతి: నాలుక కోరిందే మందని రాసిచ్చే వైద్యుడు దొరికితే, అతని ఆకలి దేనిమీదో ముందు కనుక్కోవాలి.