నిండుకున్న కోట

ఒకానొక రాజ్యంలో ‘లేదు’ అనే మాట లేదు. పూర్వం ఉండేది గానీ, ఉద్దండవర్మ మహారాజు దాన్ని దేశబహిష్కారం చేశాడు.

“మనది పరిపూర్ణ రాజ్యం. లేమి అన్నది శత్రువుల సొత్తు. లేదు, లేవు అన్నవాడికి అక్కడికక్కడే సగం మీసం గొరిగించండి” అని చాటింపు వేయించాడు. సభ గుమ్మం దగ్గర ఒక మంగలిని కూడా కూర్చోబెట్టాడు.

జనం ఎలాగో సర్దుకున్నారు. అప్పు అడగవచ్చినవాడితో “రేపు రా” అనేవారు. అది ఎప్పటినుంచో అలవాటున్న మాటే కాబట్టి పెద్ద ఇబ్బంది పడలేదు.

అంతలో యుద్ధం వచ్చిపడింది. పొరుగురాజు ఏటిగడ్డ కోటను మూడువైపులా ముట్టడించాడు. ఏటివైపు దారి ఒక్కటే మిగిలింది. ధాన్యం బళ్ళు, బాణాల బళ్ళు రాజధానిలో సిద్ధంగా నిలబడ్డాయి, రాజాజ్ఞే తరువాయి.

ఆ కోటను కాపాడుతున్న సేనాని కొమ్మన దగ్గరనుంచి వార్తాహరుడు వచ్చాడు. మనిషి దవడలు పీక్కుపోయి ఉన్నాయి. గుమ్మం దగ్గర మంగలిని చూసి, మీసం తడుముకుని, జాగ్రత్తగా విన్నవించాడు.

“ప్రభూ! కోటలో గాదెలు నిండుకున్నాయి. అమ్ములపొదులు నిండుకున్నాయి. బురుజుల మీద దీపాలు కొండెక్కాయి.”

రాజు సింహాసనం మీద ఎగిరి గంతేసినంత పని చేశాడు. “విన్నారా! అన్నీ నిండిపోయాయట! పైగా మనవాళ్ళు దీపాలు పట్టుకుని శత్రువు కొండ కూడా ఎక్కేశారట! ఇంక ఈ బళ్ళు అక్కడికెందుకు దండగ? విజయోత్సవానికి విందు చేయించండి.”

సభలో అందరూ తలలు వంచుకున్నారు. నిండుకోవడం వంటింటి మాట. పుట్టిన్నాటినుంచీ వంటింటి గడప తొక్కని రాజుకి అది ఎలా తెలుస్తుంది?

ఆస్థానంలో సూరప్ప అనే చమత్కారి ఉన్నాడు. కొమ్మన అతనికి స్వయానా మేనల్లుడు. పిల్లవాడు కోటలో ఆకలితో మాడుతున్నాడని సూరప్పకి అర్థమైంది. అయినా నవ్వుముఖం పెట్టుకుని లేచి, “విందు ఏర్పాట్లు నాకు వదిలేయండి ప్రభూ” అన్నాడు.

బళ్ళలోంచి ఒక్క బస్తా కూడా దింపనివ్వకుండా, తిన్నగా వంటశాల పెద్ద ముత్యాలమ్మ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు.

“రాజుగారిని పస్తు పెడితే నా తల ఉంటుందా బాబూ?” అంది ఆవిడ.

“నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడొద్దమ్మా. ఇక్కడున్న బియ్యం, పప్పు, నెయ్యి కూడా ఆ బళ్ళకే ఎక్కించెయ్. మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటావో అదే అను.”

మర్నాడు విందు. రాజు పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. అరిటాకు ఉంది, నీళ్ళు ఉన్నాయి. వడ్డన మాత్రం మొదలుకాలేదు.

“అన్నం ఏదీ?”

“నిండుకుందండి, ఏలినవారూ” అంది ముత్యాలమ్మ.

“భేష్! పప్పో?”

“అదీ నిండుకుందండి.”

“నెయ్యి?”

“నిన్ననే నిండుకుందండి.”

“అన్నీ నిండుకుంటే వడ్డించరేం!” అంటూ రాజు విసురుగా లేచాడు. జన్మలో మొదటిసారి వంటింట్లో అడుగుపెట్టి, పెద్ద గుండిగ మూత ఎత్తి అడుగుదాకా తొంగిచూశాడు.

“ఇదేమిటి! ఇందులో మెతుకు కూడా లేదు!”

విందుకు వచ్చిన సభికులంతా, మంగలితో సహా, వెనకే వచ్చి గుమిగూడారు. మంగలి రాజుగారి మీసం వంక చూశాడు, కత్తి వంక చూశాడు, గబగబా కత్తి పొదిలో దాచేశాడు.

సూరప్ప చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. “ప్రభూ, నిన్న కొమ్మన పంపిన వార్త కూడా ఇదే. బియ్యం అయిపోతే మన ఇళ్ళలో ఆ అపశకునపు మాట అనరు, నిండుకున్నాయంటారు.”

“అయితే ఆ దీపాలు?”

“ఆరిపోయాయి ప్రభూ. నూనె కూడా నిండుకుంది.”

రాజు సభికుల వైపు తిరిగాడు. “ఇంతమందిలో ఒక్కరికీ నోరు రాలేదా?”

ముసలి మంత్రి పెద్దిరాజు గొణిగాడు: “చెప్పాలంటే ఆ మాట అనాలి కదా ప్రభూ!”

“బళ్ళు కదలనివ్వండి! అవి కోట చేరాయని వార్త వచ్చేదాకా నేనూ విస్తరి ముట్టను” అన్నాడు రాజు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఏటివైపు దారిన బళ్ళు చేరాయి. కడుపు నిండిన సైనికులు విల్లు పట్టేసరికి పొరుగురాజు మూటాముల్లె సర్దుకుని పోయాడు.

కొమ్మన క్షేమంగా తిరిగివచ్చిన రోజున రాజు నిండుసభలో సూరప్పను దగ్గరికి పిలిచి, తన చేతి కంకణం తీసి తొడిగాడు.

“సూరప్పా! ఇవాళ్టినుంచి నా ఎదుట ఆ మాట అనే హక్కు నీ ఒక్కడికే ఇస్తున్నాను. సంతోషమేనా?”

సూరప్ప వినయంగా నమస్కరించాడు. “నా ఒక్కడికే ఇస్తే లాభం లేదు ప్రభూ!”

రాజు ఒక్కక్షణం తెల్లబోయి, తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ సాయంత్రమే ఊరంతా కొత్త చాటింపు వినబడింది.