భీముని కొలను దారిలో కెమెరా

మద్దిలేటికి కొండలంటే పిచ్చి. నంద్యాల టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, నల్లమలలో ఏదో ఒక దారి పట్టేవాడు. చూసొచ్చినవి ఇంట్లో ఎంత చెప్పినా వాళ్ళు ఊఁ కొట్టేవాళ్ళే తప్ప, ఆ లోయలు వాళ్ళ కళ్ళకు కనపడేవి కావు. అందుకని ఒక కెమెరా కొనాలనుకున్నాడు. చిన్నదిగా ఉండాలి, గట్టిదిగా ఉండాలి, కొత్తవాడి చేతికి లొంగాలి. ఇదెంత పని అనుకున్నాడు.

అనుకున్నాక రెండు ఎండాకాలాలు గడిచిపోయాయి.

ఫిల్ము రోళ్ళ కాలం అది. ఒక్క ఫొటో తీయాలంటే ఊపిరి బిగబట్టి మరీ నొక్కేవాళ్ళు. అది ఎట్లా వచ్చిందో తెలియాలంటే రోలంతా అయిపోవాలి, కడగాలి, ఆరబెట్టాలి. ఆ ఎదురుచూపులో ఒక తీపి ఉండేది. మద్దిలేటికి ఆ తీపి ఇంకా తెలియదు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా కోఠీ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికలు ఏరుకొచ్చి చదివేవాడు. ఏ కెమెరా తడికి తట్టుకుంటుందో, ఏ కెమెరా లోపలికి దుమ్ము పోతుందో, దేని బ్యాటరీ ఎన్ని రోళ్ళకు వస్తుందో అడిగితే చాలు, గడగడా చెప్పేవాడు. కెమెరా మాత్రం కొనలేదు. ఒకటి కొందామనుకునేసరికి ఇంకోదాంట్లో ఏదో గొప్ప కనపడేది.

అతనికి ఫొటోల పని నేర్పుతున్నది దస్తగిరి సార్. మున్సిపల్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పెరట్లో వంటచెరుకు పెట్టుకునే గదినే డార్క్ రూమ్ చేసుకున్నాడు. ఆదివారం పూట మద్దిలేటి అక్కడికి వెళ్ళి, ఎర్ర బల్బు వెలుతురులో ట్రేలు కడిగిపెట్టేవాడు. ఇంటికి వచ్చాక కూడా చేతులకు ఫొటోలు కడిగే ఆ హైపో మందు వాసన పోయేది కాదు.

ఒక ఆదివారం సార్ నెగెటివ్‌లు దండేనికి తగిలిస్తుంటే మద్దిలేటి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఒకటి నీళ్ళలో పడినా ఏమీ కాదంట సార్. కానీ దానికి జూమ్ లేదు. జూమ్ ఉన్నది బరువు. బరువు లేనిది కింద పడితే పగులుతుందంట. నాలాంటి కొత్తోడు ఏది కొనుక్కోవాలి?"

సార్ ఆఖరి క్లిప్పు కూడా పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఉగాది ముందు నేను శ్రీశైలం నడుస్తా కదా. నువ్వూ రా అప్పా. చేతికి దొరికినవి తెచ్చుకో. నడుస్తాంటే తేలుతుంది."

ఉగాదికి కన్నడం వాళ్ళు మల్లన్న దగ్గరికి కాలినడకన వస్తారు. ఆత్మకూరు దాటి, వెంకటాపురం మీదుగా అడవిలో పడి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటుకుంటూ పోతారు. దస్తగిరి సార్ ఏటా వాళ్ళతో కలిసి నడిచేవాడు. వాళ్ళ ఫొటోలు తీసేవాడు. కిందటేడు తీసినవి కడిగి, ఒక గుడ్డలో చుట్టి తెచ్చి, మళ్ళీ కనపడినవాళ్ళకు ఇచ్చేవాడు. కనపడనివాళ్ళవి మరుసటేడు మళ్ళీ మోసుకొచ్చేవాడు. యాత్రికులు ఆయన్ను ఫొటో సాబు అనేవాళ్ళు.

మద్దిలేటి రెండు కెమెరాలు అరువు తెచ్చుకున్నాడు. ఒకటి కువైట్ నుంచి వచ్చిన బావమరిదిది, పొడుగు లెన్సుతో పెద్దది. రెండోది సహోద్యోగి దగ్గర తీసుకున్న చిన్నది, అద్దంలా మెరుస్తా ఉంటుంది. వాటికి తోలు సంచీ, ఆ సంచీకి ప్లాస్టిక్ కవరు, తుడవడానికి మెత్తని గుడ్డ.

సార్ మెడలో ఉన్నది నల్లటి చిన్న కెమెరా. జూమ్ లేదు, ఏమీ లేదు. మూలల్లో రంగు పోయి ఇత్తడి కనపడుతోంది. తోలు పట్టీ ఎప్పుడో తెగిపోతే దాని బదులు నవారు ముక్క కట్టుకున్నాడు.

"ఇంకా దీన్నే మోస్తున్నారా సార్? ఈ లెన్సుతో ఫొటో అంచులు పదును లేకుండా మెత్తగా వస్తాయి కదా," అన్నాడు మద్దిలేటి.

"వస్తాయి," అన్నాడు సార్.

దారి పొడుగునా మద్దిలేటికి కెమెరాతోనే సరిపోయింది. దుమ్ము లేస్తే మూసిపెట్టేవాడు. చెమట పడితే తుడిచేవాడు. పెద్దచెరువు దగ్గర కొంగలు గుంపుగా లేచినప్పుడు కవరు విప్పి, సంచి విప్పి, మూత తీసేసరికి ఆకాశం ఖాళీ అయింది. సార్ అంతకు ముందే ఒకటి నొక్కి, కెమెరాను గుండెల మీదికి వదిలేసి, అవి పోయిన వైపు చూస్తా నిలబడ్డాడు. కొంగలు కనుమరుగైనా చాలాసేపు చూశాడు.

భీముని కొలను దగ్గర లోయలోకి రాతి మెట్లు దిగాలి. ఎన్ని తరాల పాదాలు తొక్కాయో, రాళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఖాళీ. ఆ పొద్దున యాత్రికులు బారులు తీరి దిగుతున్నారు. సార్ నాలుగు మెట్లు కింద నిలబడి, కెమెరాను మెడలోంచి తీసి పట్టుకుని, పైకి తిరిగి ఆ వరసను ఫొటో తీస్తున్నాడు. మద్దిలేటి పెద్ద కెమెరాను రెండు చేతులా పొదివి పట్టుకుని, ఆచితూచి అడుగు వేస్తున్నాడు.

అతని వెనక ఒక ముసలమ్మ దిగుతోంది. నెత్తిన చిన్న మూట, చేతిలో కర్ర. ఒక రాయి దగ్గర ఆగి, కర్ర చంకలో పెట్టుకుని చెయ్యి చాపింది.

"కై కొడప్పా," అంది.

చెయ్యి ఇమ్మంటోందని మద్దిలేటికి అర్థమైంది. "ఒక్క నిమిషం అవ్వా," అన్నాడు. కెమెరా ఎక్కడ పెట్టాలా అని చూశాడు. మెడలో వేసుకుందామంటే పట్టీ మెలిపడింది. సంచి వీపున ఉంది. రాతి మీద పెడితే గీతలు పడతాయి.

ఆ లోపల అవ్వ కాలు జారింది.

కింద నుంచి సార్ ఎప్పుడు వచ్చాడో మద్దిలేటి చూడలేదు. రాతి మీద ఇత్తడి తగిలిన చప్పుడు మాత్రం విన్నాడు. చూసేసరికి సార్ అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అవ్వను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మూట లోయలోకి దొర్లిపోయింది. నల్ల కెమెరా మెట్టు మీద నుంచి మెట్టు మీదికి ఎగురుకుంటూ పోయి ఒక పొద దగ్గర ఆగింది.

"సార్, కెమెరా," అని మద్దిలేటి అటు పరిగెత్తబోయాడు.

సార్ తల తిప్పలేదు. "నీళ్ళు తే అప్పా," అన్నాడు.

అవ్వకు మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. కొలను దగ్గరికి మెల్లగా దింపి, గాయం కడిగి, ఎవరో ఇచ్చిన పసుపు పెట్టారు. కిందికి దిగిన పిల్లలు మూట వెతికి తెచ్చారు. సార్ మద్దిలేటిని ఏమీ అనలేదు. అననందుకే మద్దిలేటికి తల ఎత్తబుద్ధి కాలేదు.

అవ్వ నీళ్ళు తాగి, సార్ ముఖంలోకి పరకాయించి చూసింది. వచ్చీరాని తెలుగులో, "నువ్వు ఫొటో సాబు కదా? పోయిన ఉగాదికి నాగలూటిలో మా ఇద్దరికీ ఫొటో కొట్టినావు," అంది. పక్కన లేని మనిషిని చూపిస్తున్నట్టు చెయ్యి ఆడించి, "మా యజమానరు. ఇప్పుడు లేరు. దీపావళికి పోయినారు," అంది.

సార్ గుడ్డ మూట విప్పి ఒక్కొక్క ఫొటో పక్కన పెట్టుకుంటూ పోయాడు. వెతికి వెతికి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మద్దిలేటి ఆమె భుజం మీదుగా చూశాడు. నాగలూటి గుడి అరుగు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆయన దేన్నో చూసి నవ్వుతున్నాడు. ఆమె ఆయన్ను చూస్తోంది. ఫొటో అంచులు మెత్తగానే వచ్చాయి. కుడి మూలన ఏదో మసక కూడా పడింది.

అవ్వ ఆ మసక వైపు చూడలేదు. ముసలాయన చెంప మీద వేలు పెట్టి, వేడి చూస్తున్నట్టు అట్లాగే ఉంచింది. ఆయన ఫొటో ఇంకేదైనా ఇంట్లో ఉందా అని సార్ అడిగితే, లేదని తల ఊపింది. తర్వాత దాన్ని చీర కొంగులో చుట్టి, రొంటిన దోపుకుంది.

మద్దిలేటి లేచి, పొద దగ్గరికి వెళ్ళి నల్ల కెమెరాను తెచ్చాడు. కొత్తగా ఒక సొట్ట పడింది. సార్ దాన్ని అందుకుని, ఊది, చెవి దగ్గర ఊపి చూశాడు. అవ్వ వైపు తిప్పి నొక్కాడు. టక్కుమంది. ఫిల్ము తిప్పుకున్నాడు.

లోయకు అవతలి వైపు మెట్లెక్కే ముందు మద్దిలేటి రెండు కెమెరాలనూ సంచిలో వేసి వీపున తగిలించుకున్నాడు. ఈసారి అవ్వ చెయ్యి అడగలేదు. అతనే చాపాడు. ఆమె ఒకసారి ఆ చేతి వైపు చూసి, పట్టుకుంది. జొన్న కోసి కోసి గరుకుబారిన చెయ్యి. ఎక్కడం పూర్తయ్యేదాకా ఆమె తన పెనిమిటి కబుర్లు చెబుతూనే ఉంది. భాష సగమే తెలిసినా మద్దిలేటి ఊఁ కొడుతూ నడిచాడు.

ఆ నడకలో మద్దిలేటి ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఇన్నేళ్ళయింది, దస్తగిరి సార్ లేడు, ఎర్ర బల్బు గదీ లేదు. అయినా ఆ మెట్లు, ఆ పొద్దుటి ఎండ, ఆ చేతి గరుకు గురించి మద్దిలేటి చెబుతుంటే వినేవాళ్ళకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

ఆ రోజు మెట్లన్నీ ఎక్కాక, పైన కైలాసద్వారం దగ్గర గాలి చల్లగా తగిలింది. అవ్వను ఆమె ఊరివాళ్ళకు అప్పగించి వచ్చి, మద్దిలేటి సార్ పక్కన కూర్చున్నాడు. సార్ తువ్వాలు కొసతో కెమెరాకు అంటిన దుమ్ము తుడుస్తున్నాడు.

"ఏది కొనాలో తేలిందా అప్పా?"

మద్దిలేటి నోటికి ఒక్క కంపెనీ పేరు కూడా రాలేదు. "మీరే చెప్పండి సార్," అన్నాడు.

దస్తగిరి సార్ కెమెరాను మెడలో వేసుకుని లేచాడు.

"చెయ్యి జారినా గుండె జారనిది కొనుక్కో."