గరుడపక్షి తన్నుకుపోయిన చేప

"అన్యాయం జరిగితే చూస్తూ ఊరుకోవడం ధర్మమేనా గురువుగారూ?" అని భానుమూర్తి అడగని పూట లేదు. అతను రాసుకున్న వ్యాఖ్యానాన్ని తోటి శిష్యుడొకడు సభలో తనదిగా చదివేశాడు. నిజమే, తప్పే. కానీ ఆనాటినుంచి ఈయనగారు పుస్తకం ముట్టలేదు. అన్నం దగ్గర అదే గోల, స్నానం దగ్గర అదే గోల. వినేవాళ్లకి చెవులు తూట్లు పడ్డాయి. ఎంతో ఓర్పు గల గురువు చిదంబరయ్య గారు కూడా చివరికి, "ముందు చెప్పులేసుకో, రేవుకి పోయొద్దాం" అన్నారు.

అది చిన్న చేపల రేవు. మనుషులకన్నా పక్షులే ఎక్కువ. నీళ్లమీద గూడబాతులు, పడవల అంచున కొంగలు, ఇసుకలో ఎర్ర పీతలు. కాకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. భానుమూర్తి ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచాడు. పైన గరుడపక్షి కనబడితే మాత్రం ఆగి, లెంపలేసుకుని దండం పెట్టాడు.

ఒడ్డున పైడితల్లమ్మ అనే ఆవిడ పాత వలమీద కవ్వళ్లనే చిన్న చేపలు ఎండబెట్టి, కర్ర పట్టుకుని కాపలా కాస్తోంది. ఇంతలో ఆవిడ మొగుడి పడవ ఒడ్డుకొచ్చింది. లాగడానికి మనుషులు చాలక అతను కేకలేస్తున్నాడు.

"బాబూ, ఒక్క పాలి ఈటిని సూత్తుండు. రేపట్నుంచి సేపల ఏట బందు. రెండు నెల్లు మాకు ఇయ్యే కూడు" అని కర్ర భానుమూర్తి చేతిలో పెట్టి పరుగెత్తింది. తాడుకి తానూ ఓ చెయ్యి వేద్దామని చిదంబరయ్య గారు పంచె ఎగ్గట్టి వెనకాలే వెళ్లారు.

వాళ్లటు వెళ్లారో లేదో, గరుడపక్షి దిగి ఒక చేపను తన్నుకుపోయింది. ఒక్కటే, మహానుభావా, ఒక్కటి! పోనిద్దూ అనుకుంటే సరిపోయేది. అలా అనుకుంటే భానుమూర్తి ఎందుకవుతాడు? "నా కళ్లముందే దొంగతనమా!" అంటూ కర్ర ఎత్తి దాని వెంట పడ్డాడు. ఇసుక తిన్నెలు దాటాడు, సరుగుడు తోట దాటాడు, రాళ్లు రువ్వాడు. చివరికి ఆ పక్షే విసిగి చేపను జారవిడిచింది.

అతను తిరిగొచ్చేసరికి కాకులు, కొంగలు, కుక్కలు సంతర్పణ ముగించుకుని వెళ్లిపోతున్నాయి. పడవ లాగి వచ్చిన పైడితల్లమ్మ ఖాళీ వల చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"ఓలమ్మో! ఏటి సేసినావు బాబూ! ఇక్కడ కూకోమంటే ఎక్కడికి పోనావు? పిల్లలకి నానేటెట్టాల?" అని భోరుమంది.

భానుమూర్తికి ఆ ఏడుపు చెవికెక్కనే లేదు. చెమటలు కక్కుతూ, ఇసుక అంటిన సగం చేపను గురువుగారి ముందు ఎత్తి పట్టుకున్నాడు.

"వదల్లేదండీ! దాని చేత కక్కించాను!"

చిదంబరయ్య గారు ఆ చేపను చూశారు, ఆవిడను చూశారు.

"నాకెందుకు నాయనా? ఆవిడకియ్యి. న్యాయం జరిగిందని కూడా చెప్పు" అన్నారు.