ఎర్రలోయ మట్టి

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అన్నాక సింహం ఉండాలి కదా, ఉంది. కాని పిల్లలూ, ఈ కథ సింహానిది కాదు. సింహాల కథలు మీరు చాలానే విన్నారు. ఇది బూదయ్య అనే దున్నపోతు కథ.

సింహం ఒక్కటే కూర్చుని తీర్పులు చెప్పే రోజులు ఆ అడవిలో ఎప్పుడో పోయాయి. అక్కడ ఒక సభ ఉండేది. అడవి నడుమ నల్లమడుగు ఒడ్డున, మద్దిచెట్ల దగ్గర జరిగేది. ఒక్కొక్క లోయ నుంచి ఒక్కొక్కరు వచ్చి తమ లోయ కష్టం చెప్పుకునేవారు. సింహం వినేది. కనీసం విన్నట్టు కనిపించేది. అదీ కొంత మేలే.

ఆ సభకు ఒక ఆచారం ఉంది. ఏ లోయ తరఫున వస్తే ఆ లోయ బురద వీపుకు పూసుకుని రావాలి. బురద ఒంటి మీద ఉంటేనే మాట చెల్లుతుంది. ఎండి రాలిపోతే మళ్లీ ఇంటికి వెళ్లి పూయించుకుని రావాలి. సభకు నడుమ నడుమ సెలవులు ఇచ్చేది అందుకే. ఈ ఆచారం పెట్టిన పెద్దలెవరో గాని గట్టివాళ్లు. బురద ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి?

బూదయ్యది ఎర్రలోయ. అక్కడి మట్టి కుంకుమలా ఉంటుంది. లోయకంతటికీ ఒకటే వాగు. ఆ వాగుకు పైన, కొండ మలుపులో, ఏనుగులు స్నానాలకని అడ్డంగా బండలు దొర్లించాయి. పైన వాటికి మడుగు నిండింది. కింద వాగు సన్నబడింది. బండల మధ్య ఒక సందు మాత్రం మిగిలింది. ఆ సందులోంచి కారే నీళ్లే ఎర్రలోయకు దిక్కు.

లోయలో అందరూ చేరి ఆలోచించారు. కుందేలు వెళ్తే ఏనుగులకు కనబడదు. ఉడుము మాట్లాడితే ఎవరికీ వినబడదు. చివరికి ముళ్లవ్వ తేల్చేసింది. ముళ్లవ్వ అంటే ముళ్లపంది ముసలమ్మ. లోయలో ఎవరినైనా ‘ఒరే’ అనే హక్కు ఆమె ఒక్కతెదే.

“ఒరే బూదిగా, నీకు ఒళ్లుంది, గొంతుంది. నువ్వు వెళ్లు. ఎక్కువ అడగొద్దు. ఒక్క బండ తీయించు, చాలు.”

“ఒక్కటేనా అవ్వా? అన్నీ తీయిస్తాను!” అన్నాడు బూదయ్య. అప్పటికి అతని కొమ్ములు కొత్తవి.

“అన్నీ వద్దురా, ఒక్కటి. ముందు వాగులో పడుకో.”

లోయంతా వచ్చి అతని వీపుకు బురద పూసింది. కౌజుపిట్టలు కూడా ముక్కులతో ఇంతింత తెచ్చి అద్దాయి. ఆ చల్లదనం వీపు మీద మోస్తూ బూదయ్య సభకు వెళ్లాడు.

సభలో అతని గొంతుకు మద్ది ఆకులు రాలాయి.

“ఎర్రలోయ దాహంతో అల్లాడుతోంది! ఒక్క బండ తీయించండి!”

సభను నడిపేది ఒక ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి కునికేది. ఆ అరుపుకు ఉలిక్కిపడి లేచింది.

“బాగా చెప్పావు నాయనా. వచ్చే సభలో చూద్దాం.”

వచ్చే సభ వచ్చింది. చూడటం మాత్రం రాలేదు. సెలవు ఇచ్చినప్పుడల్లా బూదయ్య ఎర్రలోయకు నడిచి వెళ్లేవాడు. ముళ్లవ్వ ఎదురొచ్చి ఒకే మాట అడిగేది.

“బండ?”

“చూద్దామన్నారు అవ్వా.”

“చూడనీ. వాగులో పడుకో.”

మళ్లీ బురద, మళ్లీ నడక, మళ్లీ ఎండ. ఎండ అంటే గుర్తొచ్చింది. సభలో సింహం వైపువాళ్లు నీడలో కూర్చునేవారు. అడిగేవాళ్లు, కాదనేవాళ్లు ఎండలో నిలబడేవారు. మద్దినీడ గురించి ఒక మాట చెప్పాలి. వేపనీడ కింద కాసేపు పడుకుంటే ఒళ్లు తేలికై లేస్తాం. ఈ సభ మద్దినీడ అలాంటిది కాదు. అందులో కూర్చున్నవాడు తనంతట తాను లేచింది లేదు.

సభకు వెళ్లేవాణ్ణి కొన్నేళ్లకోసారి లోయవాళ్లు ఎంచుకోవాలి, రెండోసారి కూడా బూదయ్యనే ఎంచి పంపారు. ఒక మధ్యాహ్నం నక్క అతని పక్కకు వచ్చింది.

“బూదయ్య బావా, ఎండలో నిలబడి ఎన్నాళ్లు అరుస్తావు? నీ వీపు పెంకులా మాడిపోతోంది. ఇటు వచ్చి కూర్చో. పనులు నీడలో అవుతాయి.”

“మా లోయవాళ్లు ఏమనుకుంటారు?”

“బండ తీయిస్తే ఏమీ అనుకోరు. ఎండలో ఉండి తీయించగలవా చెప్పు.”

బూదయ్య ఆ పూటంతా నెమరు వేస్తూ ఆలోచించాడు. చివరికి ‘లోయ కోసమే కదా’ అనుకున్నాడు. ఈ మాట అనుకోకుండా నీడలోకి నడిచినవాడు ఇంతవరకు ఎవడూ లేడు.

నీడ చల్లగానే ఉంది. నల్లమడుగు ఒడ్డు పచ్చికకు అతన్ని పెద్దను చేశారు. ఎవరు ఎక్కడ మేయాలో చెప్పే పని. నిన్నటిదాకా ‘ఏయ్ దున్నా’ అన్నవాళ్లు ‘బూదయ్యగారూ’ అన్నారు. కాని ఏనుగులూ ఆ నీడలోనే, సరిగ్గా అతని పక్కనే కూర్చునేవి. పక్కన భుజం రాసుకుంటూ కూర్చున్నవాడితో బండ సంగతి ఎలా ఎత్తడం? ఒకసారి మెల్లగా ఎత్తాడు. ఏనుగుల పెద్ద తొండంతో అతని మెడ నిమిరి నవ్వింది.

“మనం మనం ఒకటి. మాట్లాడుకుందాంలే.”

ఆ సెలవుకు ఇంటికి వెళ్తే ముళ్లవ్వ “బండ?” అంది. బూదయ్య తల వంచుకుని వాగులో పడుకున్నాడు. ఆమె బురద పూసింది.

తర్వాతి సెలవుకు అతను బయల్దేరి, కొంత దూరం వెళ్లి ఆగిపోయాడు. నక్క చూసింది.

“ఎందుకు బావా అంత నడక? బురద బురదే. నల్లమడుగులో పొర్లి లే. కొంగకు చూపు ఆనదు.”

నడక కష్టం కాదని బూదయ్యకు తెలుసు. ‘బండ?’ అనే ఆ ఒక్క మాటకు ఎదురెళ్లడమే కష్టం. నల్లమడుగులో దిగాడు. బురద చల్లగా, మెత్తగా, నల్లగా అంటుకుంది. మర్నాడు సభలో లేచి సింహంగారి గర్జన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. వీపు మీద ఏ మట్టి అని ఎవరూ అడగలేదు. అప్పుడు చుట్టూ చూశాడు. నీడలో ఉన్నవాళ్ల వీపులన్నీ నల్లగానే ఉన్నాయి.

మూడోసారి ఎంచుకునే వేళకు అతను ఎర్రలోయకు వెళ్లనే లేదు. ‘పనుల ఒత్తిడి, మళ్లీ నన్నే అనుకోండి’ అని కాకితో కబురు పంపాడు. పంపడానికి వేరే ఎవరూ లేక లోయవాళ్లు సరే అన్నారు.

ఆ వేసవి ముదిరాక ఏనుగుల పెద్ద సభలో లేచింది.

“మా మడుగులో నీళ్లు నిలవడం లేదు. ఒక సందు ఉంది. ఇంకొక్క బండ దొర్లించి మూసుకుంటాం.”

కొంగ కళ్లు మూసుకునే అంది. “అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి.”

ఆ సందు బూదయ్యకు తెలుసు. అందులోంచి వచ్చే నీళ్లలో పడుకునే కదా ఇంతవాడయ్యాడు. లేస్తే పచ్చిక పోతుంది, నీడ పోతుంది, ‘గారు’ పోతుంది. అయినా లేచాడు. చాలాకాలానికి పాత గొంతు బయటికి వచ్చింది.

“ఆ సందు మూస్తే ఎర్రలోయ చస్తుంది! నేను ఒప్పుకోను!”

అప్పుడు నక్క గొంతు సవరించుకుంది.

“అధ్యక్షా, చిన్న సందేహం. బావ ఏ లోయ తరఫున మాట్లాడుతున్నట్టు?”

“ఎర్రలోయ!” అన్నాడు బూదయ్య.

“ఒకసారి వీపు చూడండి అధ్యక్షా.”

చూపు ఆనని కొంగకు ఆ రోజు బాగానే ఆనింది.

“ఇది నల్లమడుగు బురద నాయనా. నల్లమడుగు గురించి ఏమైనా ఉంటే చెప్పు, వింటాం.”

“మీ వీపులన్నీ నల్లగానే ఉన్నాయి కదా!”

“ఉన్నాయి బావా,” అంది నక్క, “కాని మేమెవరం ఎర్రలోయ గురించి మాట్లాడటం లేదే.”

నీడలో నవ్వులు పారాయి. బూదయ్య బతిమాలాడు.

“కాస్త గడువివ్వండి. ఇంటికి వెళ్లి పూయించుకు వస్తాను.”

“వెళ్లిరా, ఎవరు వద్దన్నారు?” అంది కొంగ. “వచ్చే సభలో చూద్దాం.”

ఆ మాట ఎంత బరువో బూదయ్యకు తెలుసు. అయినా పరుగెత్తాడు. దారిలో ఉండగానే కొండ మలుపులో బండ దొర్లిన చప్పుడు వినబడింది. ఆగలేదు. అలసిన కాళ్లు ఈడ్చుకుంటూ మూడో రోజుకు లోయ చేరేసరికి వాగులో రాళ్లు తెల్లగా తేలి ఉన్నాయి. కుందేలు లేదు, ఉడుము లేదు. కౌజుపిట్టల అలికిడి లేదు. బలుసు పొద కింద ముళ్లవ్వ ఒక్కతే ఉంది.

“ఎవరది?”

“నేనే అవ్వా. బూదిగాణ్ణి.”

“తమరా? రండి బాబూ, రండి.”

ఏ తిట్టూ అంత లోతుగా దిగి ఉండదు.

“అందరూ ఏరి?”

“తూర్పు కొండ అవతల నీళ్లున్నాయట. వాగు ఆగగానే పోయారు. నేను నడవలేనని ఉండిపోయాను.”

“అవ్వా, బురద పూయి. మళ్లీ వెళ్తాను. ఈసారి చెబుతాను.”

అతను వాగు గుంతలో పడుకున్నాడు. ముళ్లవ్వ ముందుకాళ్లతో ఎర్రమట్టి గీరి వీపు మీద వేసింది. జారిపోయింది. మళ్లీ వేసింది. మళ్లీ జారింది. మూడోసారి వేసినది గాలికి దుమ్మై లేచింది.

“బురద కావాలంటే నీళ్లు కావాలి కదా బాబూ,” అంది ముళ్లవ్వ. ఆమె గొంతులో కోపం కూడా లేదు. కోపానికీ కొంత తడి కావాలి.

బూదయ్య గుంతలోంచి లేచాడు. తర్వాత మోకాళ్లు వంచి ఆమె ముందు కూర్చున్నాడు.

“వీపు ఎక్కు అవ్వా. తూర్పు కొండ దాకా తీసుకెళ్తాను.”

ముళ్లవ్వ అతని వంక చూసింది.

“ముళ్లు గుచ్చుకుంటాయిరా బూదిగా.”

“గుచ్చుకోనీ,” అన్నాడు బూదయ్య.

ఎండిన వాగు వెంట ఇద్దరూ మెల్లగా తూర్పుకు సాగారు. నడుస్తుంటే అతని వీపు నుంచి నల్లమడుగు బురద పెళ్లలు పెళ్లలుగా రాలిపడింది.

నీతి: ఎవరి మట్టి పూసుకుని బయల్దేరామో, వాళ్లు అడిగే మాటకు జడిసి ముఖం చాటేయకూడదు, ఆ మట్టి ఎండిపోయాక నోరు విప్పినా మాట చెల్లదు.