లింగవ్వ తట్ట

నింబయ్య గురువుకు శిష్యులు ఏది అడిగినా సూటిగా బదులిచ్చే అలవాటు లేదు. ఒకనాడు పట్నంలో సభకు బయలుదేరబోతున్న ఆశన్న అనే శిష్యుడు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, తోళ్లు ఊనే ఇంట్ల పుట్టినోణ్ని. సభల అడిగితే తలెత్తి చెప్పాల్నా? చెప్తే గర్వమైతదేమో!"

గురువు లింగవ్వ సంగతి చెప్పాడు.

లింగవ్వ వాడలో అందరూ తోళ్లు ఊని పదును చేసేవాళ్లే. ఆ పనికి తంగేడు బెరడు కావాలి కనుక వాడ వెనక గుట్ట మీది పొదలను వాళ్లు కంటికి రెప్పలా కాచుకునేవారు. ఒక కరువు ఏడాది మిగతా గుట్టలన్నీ వంటచెరకు కింద బోడివైపోయాయి. సద్దుల బతుకమ్మనాటికి పసుప్పచ్చగా పూసిన తంగేడు ఈ ఒక్క గుట్ట మీదే ఉంది. తంగేడు లేనిదే బతుకమ్మ లేదు.

పొద్దున్నే పటేలు భార్య రుక్కమ్మ వచ్చి, వాడలో అడుగు పెట్టకుండా పొలిమేరలోనే నిలబడి పిలిచింది.

"లింగవ్వా, పూలు పంపు. తట్టెడు జొన్నలిస్త."

కరువులో తట్టెడు జొన్నలంటే మాటలు కాదు. అత్త వెనకనుంచి కొంగు లాగుతూనే ఉంది. లింగవ్వ కొంగు విడిపించుకుంది.

"బతుకమ్మ పూలు అమ్ముకోం పటేలమ్మా. ఊరికెనే తెస్త. మా బతుకమ్మ గూడ మీ బతుకమ్మ పక్కనే కూసుంటది."

ఇన్నేళ్లూ వాడవాళ్లు ఊరికి దూరంగా వాగు ఒడ్డునే బతుకమ్మ ఆడాల్సి వచ్చేది. రుక్కమ్మ మొహం కందగడ్డయింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. "రేపటినుంచి మనకు పనెవరిస్తరే?" అని అత్త నెత్తి కొట్టుకుంది.

లింగవ్వ గుట్టెక్కి తట్ట నిండా పూలు కోసింది. మధ్యాహ్నానికి వాడ ఆడవాళ్లను వెంటబెట్టుకుని చావడి ముందుకు నడిచింది. అక్కడ ఊరి ఆడవాళ్లు గునుగుపూలు పక్కన పెట్టుకుని ఖాళీ తాంబాళాల ముందు కూర్చుని ఉన్నారు. ఎవరూ పక్కకు జరగలేదు.

"పూలు తెచ్చిన. మా బతుకమ్మను ఏడ పెట్టాల్నో చూపుండ్రి" అంది లింగవ్వ.

నెత్తిన తట్ట అలాగే ఉంది. మెడ నరాలు లాగుతున్నా దించలేదు. తల వంచలేదు. ఎండ నడినెత్తిన నిలిచింది. చివరికి రుక్కమ్మ ఎవరి మొహమూ చూడకుండా లేచి, తన తాంబాళాన్ని పక్కకు జరిపింది.

అప్పుడు దించింది లింగవ్వ. ఆ పూలలో అన్ని చేతులూ కలిశాయి. తన పక్కన పేరుస్తున్న చేతులు ఎవరివో ఆమె చూడలేదు. తాను కాచుకున్న పూలు ఊరంతటి బతుకమ్మలకూ పీఠమవుతుంటే గుండె నిండిపోయి, అలా చూస్తూ ఉండిపోయింది.

"మరి అది గర్వం కాదా గురువుగారూ?" అన్నాడు ఆశన్న.

"ఆ మాట ఆనాడు గూడ ఎవరో అన్నరు నాయనా. అప్పటికే బతుకమ్మ పాట మొదలైంది, ఆ మాట ఎవరికీ వినపడలే" అన్నాడు గురువు.